సవరణ: బోర్నియో అడవిలో చెదల జాతుల లెక్క

బోర్నియో వర్షారణ్యంలో చెదల జాతులను లెక్కించే పద్ధతి మీద ఇంతకుముందు రాసిన వ్యాసంలో తప్పులు దొర్లాయి.

చెదలను వెతకడానికి అడవిలో కొలిచి పెట్టుకునే పట్టీ వెడల్పు 5 మీటర్లు అన్నాం, 2 మీటర్లే. 100 మీటర్ల పొడవును 5 మీటర్ల చొప్పున 20 గళ్లు చేసి, ఒక్కో గడిలో ఇద్దరు అరగంట వెతకాలి. మట్టి నమూనాలు మొత్తం 12 అనడం ఇంకా పెద్ద పొరపాటు. గడికి 12, అంటే పట్టీకి 240. ఒక్కోటి 12 సెం.మీ. పొడవు, అంతే వెడల్పు, 10 సెం.మీ. లోతు. మట్టి తిని బతికే చెదలు ఎండుకట్టెల్లో అరుదు. తవ్వకం తగ్గించారా, జాబితాలోంచి ముందు జారిపోయేవి అవే.

ఒకే చెద జాతి అయిన మాక్రోటెర్మిస్ గిల్వస్‌ను రెండు జాతులుగా చూపాం. పుట్టను కాపాడే పెద్ద తల సైనికులు, చిన్న తల సైనికులు ఒకే పుట్టలో ఉంటారు, జాతి ఒక్కటే. అందుకే ఒకచోట దొరికిన సైనికులను, శ్రామికులను కలిపి ఒకే సీసాలో 80 శాతం ఇథనాల్‌లో వేయాలి. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే పెట్టాలి. పెన్ను సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది. శ్రామికులను మాత్రమే తెస్తే చాలా వాటికి జాతి పేరు తేలదు.

హాస్పిటలిటెర్మిస్ ‘ఆ అడవిలో లేదు’ అన్న వాక్యాన్ని తీసేస్తున్నాం. చెట్ల మీద ఉంటూ, బెరడు మీద పెరిగే లైకెన్లను తినడం కోసం బారులు తీరి బయట తిరిగే చెదలవి. ఈ పద్ధతిలో వెతికేది నేల నుంచి 2 మీటర్ల ఎత్తు వరకే. కాబట్టి ‘పట్టీలో దొరకలేదు’ అని చదువుకోండి.