గుండె మీది పెత్తందార్లకు ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ నాడీ సంధుల వారికి,

నమస్కరించి వ్రాయునది. ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే పుపుస సిరలు గుండె పైగది అయిన ఎడమ కర్ణికలో కలిసేచోట, కొవ్వు పరుపుల్లో, నాడీకణాల గుంపులైన తమరంతా క్షేమమని తలుస్తాను. నా క్షేమం తమరి చేతుల్లోనే ఉంది కాబట్టి అది వేరే రాయను.

ఇన్నాళ్లూ గుండె కొట్టుకోవడం, అందులోనే దెబ్బను పుట్టించే సైనస్ నోడ్ పని అనుకున్నాను. పని దానిదే, పెత్తనం తమరిదట! దాని మానాన దాన్ని వదిలేస్తే నిమిషానికి 100 సార్లు కొడుతుంది. మెదడు నుంచి వేగస్ నాడి "మెల్లగా" అని కబురు తెస్తే, తమరు అసిటైల్‌కోలిన్ అనే రసాయనం చిలకరించి 70కి దించుతారు. మార్పిడి చేసిన గుండెకు ఆ తీగ తెగిపోతుంది గనక, మనిషి ఊరికే కూర్చున్నా 90 దాటి కొట్టుకుంటూనే ఉంటుంది.

ఈ మెల్లగా నడిపించే విద్య రసాయనానిదేనని 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త తేల్చాడు. ఒక కప్ప గుండె వేగస్‌ను మీటి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని ఇంకో కప్ప గుండెకు అందిస్తే అదీ నెమ్మదించింది. 1936లో నోబెల్ ఆయనకూ, మరో శాస్త్రవేత్త హెన్రీ డేల్‌కూ వెళ్లింది. తమరి అలక అందుకేనా?

ఎందుకు అడుగుతున్నానంటే, మొన్న రక్తపరీక్షకు చెయ్యి చాపాను. సూది ఇంకా చర్మాన్ని తాకనే లేదు. చెవుల్లో హోరు, పై పెదవి మీద చల్లటి చెమట, కళ్ల ముందు గోడ అంచులు నల్లబడ్డాయి. లేచేసరికి నేల మీద ఉన్నాను. గుండెను తమరు మరీ నెమ్మది చేసేశారు. రక్తనాళాలు సడలడమూ ఉందిలెండి, నేరమంతా తమ నెత్తిన రుద్దను. కానీ సూదికీ పులికీ తేడా తెలియని కబురును అక్షరాలా అమలు చెయ్యాలా?

తమరి అతి వేరేచోట ఇంకా ప్రమాదం. అసిటైల్‌కోలిన్ ఎక్కువైతే కర్ణిక కణాలు ఒక దెబ్బ కొట్టాక, ఇంకో దెబ్బకు స్పందించకుండా తీసుకునే విరామం కుదించుకుపోతుంది. అప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు, లయ తప్పి కర్ణిక గిలగిల్లాడుతుంది. ఆ రవ్వలు ఎక్కువగా పుపుస సిరల్లోనే పుడతాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు పట్టుకున్నారు. అంటే తమరి పక్కింట్లోనే! చికిత్సగా ఆ సిరల మొదట్లో కాల్చి మచ్చ పెట్టేటప్పుడు తమలో కొందరూ మాడిపోతారు. తర్వాత కొంతకాలం నాడి కాస్త వేగంగా నడుస్తుంది. పెత్తందారు పోయిన ఆఫీసులా.

ఇట్లు,
ఈ ఒంటికి పేరుకు మాత్రమే యజమాని

తా.క.: మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి చూశాను. ఊపిరి పీలిస్తే నాడి పరుగు, వదిలితే నడక. డ్యూటీలోనే ఉన్నారన్నమాట. వచ్చే నెల ఇంకో రక్తపరీక్ష ఉంది, ముందే చెబుతున్నాను.