చిక్కిపోతున్న సబ్సిడీ గారికి

మహారాజశ్రీ విద్యుత్ వాహనాల సబ్సిడీ గారికి,

హైదరాబాదు నుంచి ఒక మధ్యతరగతి కుటుంబీకుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ ఆరోగ్యం గురించే బెంగగా ఉంది. చూసినప్పుడల్లా చిక్కిపోయి కనిపిస్తున్నారు.

మీరు నిండుగా ఉన్న రోజులు మాకింకా గుర్తే. 2015లో ఫేమ్ అన్న పేరుతో మొదటిసారి దర్శనమిచ్చినప్పుడు మిమ్మల్ని పట్టించుకున్నవారు తక్కువ. 2019లో పదివేల కోట్లతో రెండో అవతారం ఎత్తారు. 2021 జూన్‌లో బ్యాటరీ సామర్థ్యంలో ప్రతి కిలోవాట్ అవర్‌కు 15,000 రూపాయల చొప్పున, స్కూటర్ ధరలో 40 శాతం దాకా భరిస్తామన్నారు. మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న బండికి 45,000 వరకు అన్నమాట! 2023 జూన్ 1 నాటికి ఆ 40 కాస్తా 15 అయింది. 2024 ఏప్రిల్‌లో పేరు మార్చుకుని, స్కూటర్‌కు పదివేలు మించి ఇవ్వలేమన్నారు. అదే ఏడాది అక్టోబరులో పీఎం ఈ-డ్రైవ్ అని మరో నామకరణం. 2025 ఏప్రిల్‌లో 5,000 దాకానే అన్నారు. రెండు హెల్మెట్లు, ఒక సీటు కవరు, ముందు గార్డు కొనేసరికి అదీ హారతి కర్పూరం.

మీరు తగ్గినందుకు నాకు కోపం లేదు. బ్యాటరీలు చవకైన కొద్దీ మీ అవసరం తగ్గాల్సిందే. నా గోడు అంతా మీ రాకపోకల గురించి. 2023 మే నెలలో దేశమంతటా విద్యుత్ ద్విచక్ర వాహనాల రిజిస్ట్రేషన్లు లక్ష దాటాయి. జూన్‌లో అందులో సగం కూడా లేవు. ఆ నెల తిరిగేలోపు పెట్రోలు చవకైందీ లేదు, జనానికి పర్యావరణం మీద విరక్తి పుట్టిందీ లేదు. మే 19న కబురు చెప్పి జూన్ 1న మీరు సన్నబడ్డారు, అంతే. అప్పటి నుంచి బండి కొనాలంటే మేము ముందు చూసేది మైలేజీ కాదు, ముహూర్తం. ఆషాఢంలో కొనవద్దని ఇంట్లో పెద్దలంటారు, మార్చి దాటితే కొనవద్దని షోరూం కుర్రాడు అంటాడు. ఆషాఢం ఎప్పుడు పోతుందో పంచాంగంలో ఉంటుంది. మీరు ఎప్పుడు పోతారో గెజిట్ వస్తే గానీ తెలియదు.

మిమ్మల్ని అందుకోవడానికి కంపెనీలు వేసిన ఎత్తులు మీకు తెలియనివి కావు. ఫ్యాక్టరీ ధర లక్షన్నర దాటిన స్కూటర్‌కు మీరు దక్కరు కదా! అందుకని కొందరు ఛార్జర్‌ను పక్కకు తీసి వేరే బిల్లు వేశారు. ఛార్జర్ అక్కరలేని వారు విద్యుత్ స్కూటర్ కొంటారని మీరెలా నమ్మారో గానీ, కొంతకాలం నమ్మారు. 2023లో ఢిల్లీ పెద్దలు కన్నెర్ర చేశాక ఆ డబ్బు కొన్నవారికి తిరిగొచ్చింది.

మీ అన్నగారు జీఎస్టీ కాస్త నయం. 2019 ఆగస్టులో విద్యుత్ వాహనాల మీద 12 నుంచి 5 శాతానికి దిగి అక్కడే కుదురుగా ఉన్నారు. అయితే బండితో పాటు వచ్చిన బ్యాటరీకి 5 శాతమట, అది పాడై విడిగా కొంటే 18 అట. పైగా 2025 సెప్టెంబరు 22న పెట్రోలు స్కూటర్ల మీదా దయ కలిగి 28ని 18 చేశారు. మా తోడల్లుడు ఆ దసరాకే పెట్రోలు బండి కొని, మా ఇంటికి వచ్చి మరీ మిఠాయి పంచాడు.

మా రాష్ట్రం సంగతి కూడా చెప్పాలి. 2020 విధానంలో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ మొదటి 2 లక్షల ద్విచక్ర వాహనాలకే అన్నారు. 2024 నవంబరులో ఆ లెక్క ఎత్తేసి, 2026 డిసెంబరు 31 వరకు ఎన్ని బండ్లకైనా సరే అన్నారు. పోయే తేదీ రెండేళ్ళ ముందే చెప్పారు, చూశారా మర్యాద!

ఇన్ని వరాలున్నా నేనింకా ఎందుకు కొనలేదని అడుగుతారేమో. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. ఇళ్ళ దగ్గర ఛార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే చెప్పింది. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు చెప్పలేదు. సెల్లార్‌లో సాకెట్ పెట్టించుకుంటాను, మీటరు మాదే, ఖర్చు మాదే అంటే, ‘అంటుకుంటే బాధ్యత ఎవరిదండీ?’ అన్నారు. అంటున్నప్పుడు ఆయన చెయ్యి జనరేటర్ పక్కనున్న డీజిల్ డ్రమ్ము మీద ఉంది. మూడో అంతస్తు ఆయన మాత్రం ఎవరినీ అడగలేదు. వంటింటి కిటికీలోంచి వైరు కిందికి వదిలి, వాన పడితే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పాల ప్యాకెట్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేస్తాడు. మీ పదివేల కోట్లలో సెల్లార్ దాకా దిగి వచ్చింది ఆ రబ్బరు బ్యాండు ఒక్కటే, అదీ ఆయన సొంత డబ్బుతో.

ఇట్లు,
మీ రాక కోసం, పోక కోసం సమానంగా ఎదురుచూస్తున్న
ఒక కొనుగోలుదారుడు

తా.క.: ఆదివారం అసోసియేషన్ సమావేశం ఉంది. మొదటి అంశం లిఫ్టు మరమ్మతు, రెండోది వీధికుక్కలు, మా సాకెట్ ఏడోది. వీలైతే ఆ ఐదువేలు మీరే ఉంచుకుని ఢిల్లీ నుంచి ఒక ఫోను చేయించండి. సెక్రటరీ గారు పెద్దవాళ్ళ మాట వింటారు.