బాకీ రొట్టె

మా ఇంట్లో ఎవరైనా శ్మశానానికి వెళ్ళి వస్తే గుమ్మం తొక్కే ముందు పెరట్లో తలస్నానం చేయాల్సిందే. స్నానమయ్యేదాకా దేన్నీ తాకనివ్వదు మా అమ్మ. అలాంటి మనిషి 2006 ఫిబ్రవరిలో నెల్లూరు స్వర్ణాల చెరువులో మోకాటిలోతు నీళ్ళలో, సమాధుల పక్కనే, తలమీద కొంగు కప్పుకుని నిలబడి, ముక్కూ మొహం తెలియని ఒకావిడ చేతిలోంచి రొట్టె అందుకుని అక్కడే తినేసింది. ఆ చేసినావిడ కులమేమిటో, మతమేమిటో అడగలేదు. అది వీసా రొట్టె. నా కోసం.

ఆ చెరువు గట్టునున్న బారాషహీద్ దర్గా గురించి నెల్లూరు వాళ్ళకు చెప్పనక్కరలేదు. మిగతా జిల్లాల పాఠకుల కోసం రెండు ముక్కలు. బారా అంటే పన్నెండు, షహీద్ అంటే అమరుడు. దూరదేశం నుంచి వచ్చిన పన్నెండుమంది వీరులు గండవరం దగ్గర యుద్ధంలో తలలు తెగి పడిపోతే, వాళ్ళ గుర్రాలు మొండేలను ఈ చెరువు గట్టుకు మోసుకొచ్చాయని కథ. ఆ తరవాత వాళ్ళు చెరువులో బట్టలుతికే దంపతులకు కలలో కనిపించి, ఆర్కాటు నవాబు భార్య జబ్బుకు తమ సమాధుల దగ్గరి మట్టి నుదుట రాస్తే చాలని చెప్పారట. నయమయ్యాక నవాబు దంపతులు ఇక్కడికి వచ్చి రొట్టెలు పంచారంటారు. కథలో నిజమెంతో చరిత్రకారులు తేల్చుకోనీ. నాకు నచ్చేది ఒకటే: నవాబు మనిషిని పంపి ఊరుకోలేదు, తానే వచ్చాడు.

మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగ నియమం కూడా అదే. ఏ కోరిక ఉన్నవాళ్ళు ఆ రొట్టె పట్టుకుంటారు. ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె. ఏది ఎక్కడో ఘాట్ వెంట బోర్డులు కూడా పెడతారు. కోరిక తీరితే మళ్ళీ వచ్చి, అదే కోరికతో నిలబడి ఉన్న ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. మనకిచ్చిన మనిషిని వెతికి పట్టుకోనక్కరలేదు. పేర్లు రాసుకునే పుస్తకం లేదు, రసీదు లేదు, అడిగేవాళ్ళూ లేరు. అందుకే ఎగ్గొట్టడం సులువు.

ఎగ్గొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. చెన్నైలో అమెరికా కాన్సులేట్ కిటికీ ముందు వీసా ఖాయమై పాస్‌పోర్టు వాళ్ళు ఉంచేసుకున్న రోజే అమ్మకు ఫోను చేశాను. మరుసటి ఏడు, "నీ బదులు నేనే ఇచ్చేశాను నాయనా" అంది. సరే, తీరిపోయిందనుకున్నాను. తరవాత ఇల్లు కొన్నప్పుడు, పిల్లలు పుట్టినప్పుడు గుర్తొచ్చేది. ఏటా సెలవులు చాలేవి కావు. ఈ ముక్క చదువుతున్న చాలామంది సంగతీ ఇదేనని నా అనుమానం. డాలస్‌లో, న్యూజెర్సీలో మా నెల్లూరు బృందాల్లో అడిగి చూశాను. రొట్టె పట్టుకున్న అమ్మలు చాలామందే తేలారు. తిరిగి వెళ్ళి ఇచ్చిన కొడుకులను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

2025 జూలైలో వెళ్ళాను. అమ్మ మోకాళ్ళు ఇప్పుడు నీళ్ళలోకి దిగనివ్వవు. కుర్చీలో కూర్చుని పిండి తడిపింది, వదిన కాల్చింది. పదకొండు రొట్టెలు పాత పంచె ముక్కలో చుట్టి ఇచ్చారు. ముందు లోపలికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ సమాధులను సరిగ్గా చూసింది లేదు, అందరిలాగే చెరువు దగ్గరే ఆగిపోయేవాణ్ణి. చాదర్లు, పూలు, ఊదువత్తుల పొగ. పన్నెండూ లెక్కపెడదామని మొదలుపెడితే ఏడో ఎనిమిదో దగ్గర వెనకనుంచి జనం తోసేశారు.

నీళ్ళలో దిగి "వీసా రొట్టె" అని ఒక్కసారి అన్నానో లేదో నాలుగు చేతులు ముందుకొచ్చాయి. ఒక అమ్మాయి మాత్రం చెయ్యి చాపకుండా ముందు విచారణ మొదలుపెట్టింది. "అంకుల్, మీది హెచ్-1 రొట్టా, ఎఫ్-1 రొట్టా? నాకు ఎఫ్-1 కావాలి." హెచ్-1 అంటే ఉద్యోగ వీసా, ఎఫ్-1 అంటే చదువు వీసా. పక్కనున్న వాళ్ళ నాన్న విసుక్కున్నాడు. "ఏదైతే ఏముంది, పట్టుకోమ్మా!" ఆ వేసవిలోనే విద్యార్థి వీసాల ఇంటర్వ్యూలకు కొత్త అపాయింట్‌మెంట్లు ఇవ్వడం కొన్ని వారాలు ఆపేసి, సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేలా పెట్టాలన్న షరతుతో మళ్ళీ మొదలుపెట్టారు. తన ఖాతాలో ఏముందో చూసుకున్నావా అని అడిగాను. "మొత్తం తీసేశాను అంకుల్" అంది. మొత్తం తీసేస్తే అదీ అనుమానమేనని చెప్పడానికి నోరు రాలేదు. అప్పు ఎంత తీసుకుంటున్నారని నాన్నను అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఇవ్వడం న్యాయమేనా అని నాకు ఆ క్షణంలో నిజంగానే అనిపించింది. మూడు నెలలు తిరగకుండానే కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చింది. పైగా మనలో గ్రీన్‌కార్డు రొట్టె కావలసినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. అది వచ్చినవాళ్ళెవరైనా చెరువుకొచ్చి పంచుతున్నట్టు మాత్రం కనబడలేదు. అయినా ఇచ్చాను. రొట్టెతోపాటు నా ఫోను నంబరూ ఇచ్చి, ఏ కాలేజీకి డబ్బు కట్టే ముందయినా ఒకసారి అడగమన్నాను. మా అమ్మకు రొట్టె ఇచ్చినావిడకు చెప్పగలిగిందేమీ ఉండి ఉండదు, నాకు ఉంది. ఇరవై ఏళ్ళు ఆ దేశంలో ఉన్నవాడు ఉత్త రొట్టె ఇచ్చి రావడం పిసినారితనం. అమ్మ నా బదులు ఇచ్చినప్పుడు లోటు పడిందీ ఇదే.

ఈ సంగతి వాట్సాప్‌లో పెట్టగానే ఒక మిత్రుడు "మనవాళ్ళు దర్గాకెందుకు" అని సందేశం ఫార్వర్డ్ చేశాడు. ఆయన వీసా కోసం వాళ్ళమ్మ ఏ చెరువులో నిలబడిందో నాకు తెలుసు. ఆమెనే అడగమన్నాను. ఇంకొకాయన ఇదంతా మూఢనమ్మకమన్నాడు. కావచ్చు. అప్పు తీసుకునేటప్పుడు రాని హేతువాదం తీర్చేటప్పుడే వస్తే నాకు నవ్వొస్తుంది.

అమెరికాలో మన తెలుగు సంఘాలు ఏటా సినిమా తారలను రప్పించడానికి పెట్టే ఖర్చు గురించి ఇక్కడ ఎత్తను. ఆ గొడవ వేరే. పండుగకు వెళ్ళడానికి విమానం టిక్కెట్లు కొనేవాళ్ళకు మాత్రం ఒక లెక్క చెబుతాను. మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో పండుగ జూన్ ఆఖరి వారంలో పడుతుంది, 2027లో జూన్ మధ్యలో. 2029కల్లా మే నెలలోకి వెళ్ళిపోతుంది, అప్పటికి అమెరికాలో చాలా బడులకు సెలవులు మొదలుకావు. నెల్లూరు స్టేషన్ నుంచి చెరువు దగ్గరికి ఆటోలో వెళ్ళవచ్చు. రొట్టెలు ఇంట్లోనే చేయించి తీసుకెళ్ళండి.