పలక ఊగితే ఊగనివ్వండి బాబూ

నాన్న మందులు, కళ్ళజోడు, కరెంటు బిల్లులు పెట్టుకోడానికి గోడకి తగిలించే చిన్న అల్మారా ఒకటి నేనే చేశాను. పెట్టె బాగానే కుదిరింది. పరువు పోయింది తలుపు దగ్గర.

చుట్టూ టేకు చట్రం, మధ్యలో అడుగు వెడల్పు టేకు పలక. చట్రం లోపలి అంచున గాడి తీసి పలకని అందులోకి దించాలి. పక్కింట్లో పని చేస్తున్న వడ్రంగి మేస్త్రీ చూసి, "వదులుగా వదిలేస్తే ఊగుద్దండి బాబుగారూ, చుట్టూ జిగురు కొట్టేయండి, రాయిలా ఉంటది" అన్నాడు. నాకూ ఊగే తలుపంటే నామోషీ అనిపించి, పలకని బిర్రుగా దించి, గాడి నిండా జిగురు పోసి, పాలిష్ కొట్టి రెండ్రోజులు మురిసిపోయాను. అప్పుడు వైశాఖం, ఎండలు మండిపోతున్నాయి.

శ్రావణం వచ్చింది. మా కోనసీమ వానాకాలం తెలుసుగా, జాడీలో ఉప్పు కారిపోతుంది, అగ్గిపుల్ల గీస్తే అంటుకోదు. ఓ పొద్దున్న చూస్తే చట్రం కింది మూల విచ్చుకుని ఉంది, పోస్టుకార్డు దూరేంత సందు. పలక ఉబ్బి చట్రాన్ని పక్కకి తన్నేసింది. సరే అని మూల బిగించి మేకు కొట్టాను. మళ్ళీ రోహిణి కార్తెకి అదే పలక తగ్గుదామని చూసింది, జిగురు వదల్లేదు, నిలువునా చీలింది. చీలిక పైనుంచి కిందిదాకా నార వెంటే, గీత గీసినట్టు!

ఇందులో మేస్త్రీనొక్కణ్ణే అనడానికి లేదు, తెలుసుకోకుండా చేసింది నేను. చెక్క పొడవులో దాదాపు కదలదు, వెడల్పులోనే పెరుగుతుంది, తగ్గుతుంది. టేకు చాలా చెక్కలకంటే బుద్ధిమంతురాలు, అయినా లోపలి తేమ నాలుగైదు శాతం మారితే అడుగు వెడల్పు పలక రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. దాన్ని ఆపడం జిగురు తరం కాదు.

మా అమ్మమ్మగారి మండువా లోగిలి తలుపులు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్ళి బొటనవేలితో పలకని నొక్కి చూశాను, కిటకిటమని కదిలింది. 1986 వరదలో సగం దాకా నానిన తలుపులవి. ఒక మూల కాస్త వదులైంది, అంతే, పలక ఒక్కటీ చీలలేదు. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటే పాతబడి ఊడిపోతున్నాయేమో అనుకునేవాణ్ణి.

రెండో తలుపుకి గాడి పది మిల్లీమీటర్ల లోతు తీశాను. ఎండాకాలంలో చేస్తున్నాను కాబట్టి పలకకి అటూ ఇటూ మూడేసి మిల్లీమీటర్లు ఖాళీ వదిలాను (ముసురులో చేస్తే ఇంత అక్కర్లేదు, అప్పటికే ఉబ్బి ఉంటుంది). పాత సైకిల్ ట్యూబు సన్నగా కోసి గాడిలో అక్కడక్కడా పెట్టాను, పలక నొక్కితే కదులుతుంది గానీ గలగలలాడదు. జిగురు చట్రం మూలలకి, పలకకి మాత్రం పైనా కిందా సరిగ్గా నడిమధ్యలో ఒక్కో చుక్క, ఒక పక్కకి జరిగిపోకుండా. ఇంకోటి, పలకకి రంగైనా పాలిష్ అయినా చట్రంలో దించకముందే అంచులదాకా కొట్టేయండి. బిగించాక కొడితే, ఎండలకి పలక తగ్గినప్పుడు గాడి పక్కన తెల్లటి గీత బయటపడి వెక్కిరిస్తుంది.

ప్లైవుడ్ వేసుకోవచ్చుగా అంటారు. వేసుకోండి, దాని పొరలు అడ్డం నిలువు అతికించి ఉంటాయి కాబట్టి పెద్దగా కదలదు, చుట్టూ జిగురు కొట్టినా ఏం కాదు. కానీ చెక్కకి ప్లైవుడ్ రూలు పెట్టకండి. శ్రావణంలో తలుపు పట్టేస్తోందని చిత్రిక పట్టించేవాళ్ళని చూస్తే నాకు అంతకన్నా ఒళ్ళు మండుతుంది. కార్తీకం దాటనివ్వండయ్యా! ఇప్పుడే గీకేస్తే వేసవిలో గడియ అందక, కాగితం మడిచి తలుపు సందులో కుక్కుకుంటారు, మా ఇంటి వెనక తలుపు సాక్షి.

మొన్న ఆ మేస్త్రీయే వచ్చి కొత్త తలుపు నొక్కి చూసి, "ఏటండీ, ఊగుతోంది?" అన్నాడు. పెరట్లోకి తీసుకెళ్ళి, కుడితి గోలెం మీద మూతగా వేసిన పాత తలుపు చూపించాను. చీలికలో వేలు పెట్టి చూసి, "టేకే కదండీ ఇది" అన్నాడు.