లిబర్టీ నావికులకు దక్కవలసినదంతా దక్కిందన్న వాదన నిలవదు

1967 జూన్ 8న, ఇజ్రాయెల్‌కూ అరబ్ దేశాలకూ మధ్య ఆరు రోజుల యుద్ధం జరుగుతుండగా, సినాయ్ తీరానికి ఆవల అంతర్జాతీయ జలాల్లో ఉన్న అమెరికా నౌక యూఎస్ఎస్ లిబర్టీపై మిత్రదేశమైన ఇజ్రాయెల్ యుద్ధవిమానాలు, టార్పెడో పడవలు దాడి చేశాయి. 34 మంది చనిపోయారు, 171 మంది గాయపడ్డారు. అది పొరపాటని విచారణలో తేలిందని, ఇజ్రాయెల్ పరిహారం కట్టిందని, కెప్టెన్‌కు అత్యున్నత పతకం వచ్చిందని, కనుక ఇంకా గుర్తింపు కోరడం ఇజ్రాయెల్ మీద ద్వేషమేనని చాలామంది పంచుకుంటున్న వాదన.

ముందుగా విచారణ సంగతి చూద్దాం. అడ్మిరల్ ఐజక్ కిడ్ అధ్యక్షతన నౌకాదళం జరిపిన విచారణ సుమారు వారం రోజుల్లో ముగిసింది. దాడి చేసినవారి దోషాన్ని నిర్ణయించడం తమ బాధ్యత కాదని, దాడి చేసిన దేశం నుంచి ఎలాంటి సాక్ష్యమూ తీసుకోలేదని అప్పట్లో విడుదల చేసిన సారాంశమే చెప్పింది. అటువంటి విచారణ అన్నీ తేల్చేసిందని ఎలా అనగలం? దానికి న్యాయ సలహాదారుగా పనిచేసిన వార్డ్ బోస్టన్, పొరపాటేనని తేల్చమని పైనుంచి ఆదేశాలు వచ్చాయని 2004లో ప్రమాణపూర్వకంగా ప్రకటించారు. ఈజిప్టు నౌక ఎల్ కుసేర్‌గా పొరబడ్డామన్నది ఇజ్రాయెల్ వివరణ. నాటి అమెరికా విదేశాంగ మంత్రి డీన్ రస్క్ ఆ వివరణతో ఎన్నడూ తృప్తి పడలేదు. అయితే ఆ వివాదం ఎటు తేలినా, నావికులకు రావలసిన గుర్తింపు అందువల్ల తగ్గదు.

పరిహారం నిజమే. మృతుల కుటుంబాలకు 1968లో 33 లక్షల డాలర్లకు పైగా అందింది, ఆ తరువాత గాయపడినవారికీ అందింది; నౌకకు జరిగిన నష్టం లెక్క మాత్రం 1980 దాకా తెగలేదు. కానీ అది నష్టానికి కట్టిన సొమ్ము. ఆ రోజు వారిపై ఎవరు దాడి చేశారో, వారు ఏమి చేశారో సొంత ప్రభుత్వం నోరు తెరిచి చెప్పడం వేరు.

పతకాల విషయంలోనే ఈ తేడా కొట్టొచ్చినట్లు కనబడుతుంది. కాలికి గాయమై రక్తం కారుతున్నా గంటల తరబడి నౌకను నడిపించే బ్రిడ్జ్‌ను వదలని కెప్టెన్ విలియం మెక్‌గోనగల్‌కు అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్‌ను ఆనవాయితీ ప్రకారం వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు ఇవ్వలేదు. 1968లో వాషింగ్టన్ నేవీ యార్డులో నౌకాదళ మంత్రి అందజేశారు, ప్రశంసాపత్రంలో ఇజ్రాయెల్ పేరు లేదు. కాల్పుల మధ్య బయటి డెక్ మీదికి పరుగెత్తి, తీగ లాగి యాంటెన్నాకు కలిపి, ఆపద సందేశం బయటికి వెళ్లేలా చేసిన నావికుడు టెర్రీ హల్బార్డియర్‌కు సిల్వర్ స్టార్ అనే శౌర్య పతకం 2009లో గాని రాలేదు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానవాటికలో మృతుల్లో ఆరుగురికి కలిపి నిలిపిన రాతి మీద తూర్పు మధ్యధరాలో మరణించారని మాత్రమే చెక్కారు. వారు లిబర్టీ నౌకపై హతులయ్యారన్న మాట ఆ రాతి మీదికి రావడానికి 1982 దాకా పట్టింది.

ఇక ద్వేషం అన్న ఆరోపణ. ఈ నావికుల పేరు అడ్డం పెట్టుకుని యూదులపై విషం కక్కేవారు ఉన్నారు, వారిని నిస్సంకోచంగా ఖండించాలి. అయితే బ్రతికి బయటపడ్డవారు అడుగుతున్నది అది కాదు. తమను పిలిపించి బహిరంగంగా సాక్ష్యం తీసుకునే అమెరికా చట్టసభ (కాంగ్రెస్) విచారణ, తమ రికార్డుల్లో దాడి చేసిన దేశం పేరు. వృద్ధులైన వారు జీవించి ఉండగానే ఆ రెండూ జరగాలి, అందుకు దాడి వెనుక ఉద్దేశం తేలేదాకా ఆగవలసిన పని లేదు.