యామన్‌పల్లిలో దొరికినవి ఏనుగు ఎముకలు కావు

వరంగల్, హనుమకొండ వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని రోజులుగా ఒక సందేశం తిరుగుతున్నది. పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర దొరికి, కోటాసారస్ అనే కొత్త జాతి డైనోసార్‌గా పేరుపొందినవి నిజానికి వరదల్లో కొట్టుకొచ్చిన ఏనుగు ఎముకలేనని, తల కూడా దొరకని జంతువుకు ఊహించి పేరు పెట్టారని, అది కూడా అంతకుముందే దొరికిన బారాపాసారస్ అనే మరో డైనోసార్‌కు తగిలించిన రెండో పేరేనని అందులో రాశారు. మన నేలకు సంబంధించిన ఇంత గొప్ప విషయాన్ని చదువుకున్నవాళ్లు కూడా ఇట్లా కొట్టిపారేస్తుంటే మనసు ఊరుకోక ఇది రాస్తున్నాను.

ముందు ఏనుగు సంగతి చూద్దాం. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో ఈ జాతికి పేరు పెట్టినప్పుడు ప్రధాన ఆధారంగా తీసుకున్నది ఒక తుంటి ఎముకను. మేకదైనా, ఏనుగుదైనా, మనిషిదైనా తుంటిలో తొడ ఎముక గుండు కూర్చునే చోటు గిన్నెలా గుంటగా ఉంటుంది, ఆ గిన్నెకు అడుగు ఉంటుంది. మటన్ కూరలో వచ్చిన తుంటి బొక్కను కడిగి ఆ గుంటలో వేలు పెట్టి చూడండి, వేలు అడుగుకు తగిలి ఆగిపోతుంది. దాదాపు డైనోసార్లన్నింటిలో మాత్రం మూడు ఎముకలు కలిసే ఆ చోట అడుగు ఉండదు, ఇటునుంచి అటు కనిపించే రంధ్రమే ఉంటుంది. పళ్ల సంగతీ అంతే. ఏనుగు దవడపన్ను ఇసుర్రాయిలాగా వెడల్పుగా, అడ్డగట్లతో ఉంటే, కోటాసారస్ పన్ను చెంచా ఆకారంలో ఉంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే పదో తరగతి పిల్లలు కూడా తేడా చెప్పగలరు.

వరద మాటలో ఒక పాలు నిజముంది. ఈ ఎముకలు దొరికిన రాతి పొరలను కోటా శిలలు అంటారు, అవి సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట నదులూ సరస్సులూ పరిచిన మట్టితో, ఇసుకతో, సున్నంతో ఏర్పడినవే. కానీ ఈ ఎముకలు ఒడ్డున ఇసుకలో దొర్లుతూ దొరకలేదు, ఆ శిలల్లోనే పాతుకుని ఉన్నాయి. ఏనుగు వంశంలో మనకు తెలిసిన అతి పాత జంతువులకే సుమారు 6 కోట్ల ఏళ్లు.

తల దొరకలేదన్నది నిజమే, రెండు పళ్లు తప్ప పుర్రె భాగాలేవీ దొరకలేదు. హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన అస్థిపంజరానికి ఉన్న తల ఊహించి చేసిందే. అయితే కోటాసారస్ లాంటి పొడుగు మెడ డైనోసార్లలో ఇది మామూలే. శరీరంతో పోలిస్తే వాటి పుర్రె చాలా చిన్నది, ఎముకలు పలుచనివి, కాబట్టి కుళ్లే దశలోనే మెడ నుంచి ఊడి చెదిరిపోతుంది. బారాపాసారస్‌కూ పుర్రె లేదు. ఇక్కడ దొరికింది ఒకటో రెండో ముక్కలు కాదు, కనీసం 12 జంతువుల ఎముకలు. ఒకే రకం తొడ ఎముక, ఒకే రకం తుంటి ఎముక మళ్లీ మళ్లీ కనిపించినప్పుడు దాన్ని ఊహ అనడం అన్యాయం.

ఇక రెండో పేరు అన్న ఆరోపణ. ప్రాణహితకు అవతల, మహారాష్ట్రలోని సిరొంచ ప్రాంతంలో దొరికిన బారాపాసారస్‌ను 1975లోనే వర్ణించారు. రెండూ కోటా శిలల్లోవే, రెండూ శాకాహారులే, కాబట్టి అనుమానం రావడంలో తప్పులేదు. కానీ 9 మీటర్ల కోటాసారస్ కాళ్ల ఎముకలు సన్నవి, తుంటి ఎముక ఎత్తు తక్కువ, తొడ ఎముక పైభాగంలో కండరం అతుక్కునే చిన్న గట్టు ఒకటి ఇంకా మిగిలి ఉంది. ఇవన్నీ మరింత పాతకాలపు లక్షణాలు. అందువల్లే వంశవృక్షంలో దీన్ని ఏ కొమ్మ మీద ఉంచాలన్న చర్చ పరిశోధకుల్లో నడుస్తున్నది. ఆ చర్చ జరుగుతున్నది కోటాసారస్‌ను బారాపాసారస్ నుంచి వేరే జంతువుగా ఒప్పుకున్న తరువాతనే.