54 మంది నిపుణులు మోసపోయారన్నది నిజం కాదు

తెల్ల వైన్‌లో ఎర్ర రంగు కలిపి ఇస్తే 54 మంది నిపుణులు కనిపెట్టలేకపోయారట, కాబట్టి వైన్ గురించి రాసేదంతా బోగస్ అట. ఏళ్ల తరబడి ఈ మాట షేర్ అవుతూనే ఉంది. మన ఊళ్లలో వైన్స్ అంటే బ్రాందీ షాపే కాబట్టి ఇక్కడ ఇంకా సులువుగా చెల్లుతోంది.

మొదట ఆ 54 మంది సంగతి. వాళ్లు నిపుణులు కారు, ఫ్రాన్స్‌లోని బోర్దో విశ్వవిద్యాలయంలో వైన్ తయారీ శాస్త్రం చదువుతున్న విద్యార్థులు. 2001లో అచ్చయిన ఆ ప్రయోగంలో "ఇది ఎరుపా, తెలుపా?" అని వాళ్లను ఎవరూ అడగలేదు. ఒక గ్లాసులో తెల్ల వైన్, ఇంకోదాంట్లో అదే వైన్ ఎర్ర రంగు కలిపి పెట్టి, ఒక్కో వాసన ఏ గ్లాసులో ఎక్కువగా ఉందో చెప్పమన్నారు. ఎర్రగా కనిపించినదానికి ఎర్ర వైన్‌ను వర్ణించే మాటలే వాడారు. కంటికి కనబడినదాన్ని బట్టి ముక్కు కూడా మారిపోతుందని తేల్చిన మంచి ప్రయోగం అది.

వైన్ రుచి, వాసనల వర్ణనలన్నీ ఊహలే అనడం ఇంకో తప్పు. షిరాజ్ అనే ద్రాక్షతో చేసిన వైన్‌లో మిరియాల ఘాటు ఉందని రాస్తే నవ్వేవాళ్లున్నారు. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆ వాసనకు కారణమైన రోటండోన్ అనే పదార్థాన్ని ఆ వైన్‌లోనే పట్టుకున్నారు. మనం చారులో వేసే మిరియాల్లో ఉన్నదీ అదే. పరీక్షకు కూర్చున్నవాళ్లలో సుమారు ఐదో వంతు మందికి మాత్రం ఆ వాసన తెలియనే లేదు. తెలియనివాళ్లు ఉన్నారని తెలిసినవాళ్ల రాత అబద్ధమైపోదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది "రాసేదంతా" అన్న మాట. ఫ్రాన్స్‌లోని బోన్ అనే ఊళ్లో ద్రాక్ష కోత ఏ రోజు మొదలైందో 1354 నుంచి లెక్క దొరుకుతుంది. కోత కూలీలకు చర్చి ఇచ్చిన డబ్బు చిట్టాలు, నగర సభ తీర్మానాలు, ఆ తర్వాత పత్రికలు. రుచిని పొగడడానికి రాసినవి కావు ఇవి. ఎండలు ముదిరితే కాయ ముందే పండుతుంది, కోత ముందుకు జరుగుతుంది. 2019లో పరిశోధకులు ఆ తేదీలన్నీ వరుసగా పేర్చి చూశారు. 1987 వరకు కోత సగటున సెప్టెంబర్ 28న మొదలయ్యేది. 1988 నుంచి సగటున 13 రోజులు ముందుకొచ్చేసింది. థర్మామీటర్ పుట్టకముందు వేసవులు ఎలా ఉండేవో ఈ చిట్టాలు చెబుతున్నాయి. వీటినీ బోగస్ అందామా?

వైన్‌కు జడ్జీలు, విమర్శకులు వేసే మార్కుల మీద విమర్శ మాత్రం న్యాయమే. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల్లో ఒకే సీసాలోని వైన్‌ను మూడుసార్లు ఇచ్చి చూస్తే, నిలకడగా మార్కులు వేసిన జడ్జీలు పది శాతం దగ్గరే ఆగారు. 100కి 92 అన్న అంకెను నమ్మి డబ్బు పెట్టొద్దని నేనూ అంటాను. కానీ దాని కింద పేరాలో తోట ఏ వాలులో ఉందో, ఆ ఏడు వడగళ్లు ఎప్పుడు పడ్డాయో రాసి ఉంటే, అది చదవకుండా వదలను.